తెర మీద కనబడేవాడు మన పొరుగువాడే
సంఘాలు, పరిచర్యలు, విశ్వాసులు సోషల్ మీడియాలో పాటించవలసిన మర్యాదలు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన మందిరాల తలుపులు మూతపడ్డాయి. ఆ వారాల్లోనే ఎందరో కాపరులు జీవితంలో మొదటిసారి ఫోను ముందు నిలబడి వాక్యం చెప్పారు. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి గాని, ఫోను మందిరంలోనే ఉండిపోయింది. ఈ రోజు పల్లెటూరి ప్రార్థన మందిరంలో కూడా పుల్పిట్ ఎదుట ఒక స్టాండు, దాని మీద ఒక ఫోను, దాని వెనుక ఒక యవనస్థుడు కనిపిస్తున్నారు. మంచం పట్టిన వృద్ధులు, గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలు, దగ్గరలో తెలుగు ఆరాధన లేని ఊళ్లలో కాపురముంటున్న కుటుంబాలు దీనివల్ల ఆదరణ పొందుతున్నారు. ఇందు నిమిత్తం దేవునికి స్తోత్రం.

అయితే చానల్ తెరిచిన రోజునే మనం తెలియకుండా ఒక కొత్త బాధ్యతను కూడా నెత్తికెత్తుకున్నాం. లోకం మాటలో చెప్పాలంటే మనం కంటెంట్ క్రియేటర్లమయ్యాం. మన సంఘం పేరు, మన పరిచర్య పేరు ఒక బ్రాండ్ అయింది. క్రియేటర్లకు, బ్రాండ్లకు ఉన్న మర్యాదలూ చట్టాలూ మనకూ వర్తిస్తాయి. ‘మేం చేసేది దేవుని పని’ అన్న మాట వాటి నుంచి మనకు మినహాయింపు ఇవ్వదు. పైగా మనం తప్పటడుగు వేస్తే చెడ్డపేరు మనతో ఆగదు, ప్రభువు నామానికి కూడా తగులుతుంది.

ఈ విషయం మీద ఇతర సంఘాలు ఇప్పటికే ఆలోచించాయి. ఇంగ్లండు సంఘం 2019 జూలైలో ఒక డిజిటల్ చార్టర్ ప్రకటించి సత్యం, దయ, ఆహ్వానం, బలహీనుల భద్రత వంటి నియమాలను తన సభ్యుల ముందుంచింది. 2023 మే నెలలో వాటికన్ సోషల్ మీడియాపై విడుదల చేసిన కాపరి సందేశం మంచి సమరయుని ఉపమానాన్ని ఆధారంగా తీసుకుంది. ఆ ఎంపిక మాకు ఎంతో సరైనదిగా తోచింది. దారిలో పడి ఉన్న మనిషిని సమరయుడు దగ్గరకు వెళ్లి చూశాడు, గాయం కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చు భరించాడు. ఇంతా చేసిన ఆ సమరయుని పేరు కూడా మనకు తెలియదు. మన పేజీ మీద, మన చానల్లో ఏది పెట్టాలన్నా అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ వీడియోలో ఉన్న మనిషికి మేము పొరుగువారమయ్యామా, లేక అతణ్ని మా వీడియోకు సరుకుగా వాడుకున్నామా?

ఆ ఒక్క ప్రశ్నను వెంటబెట్టుకుని మన సంఘాల్లో ప్రతి వారం ఎదురయ్యే సందర్భాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

సాక్ష్యాలు: అడిగి పెట్టండి, అర్థమయ్యేలా అడగండి

సంఘంలో నూటయాభై మంది ఎదుట సాక్ష్యం చెప్పడం వేరు. అదే సాక్ష్యం యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి నిలిచి ఉండడం వేరు. భర్త తాగుడు గురించి, అప్పుల గురించి, ఆత్మహత్య ఆలోచన గురించి, పాత జీవితం గురించి ఒక సహోదరి కన్నీటితో చెప్పినప్పుడు ఆమె తన సంఘ కుటుంబానికి చెప్పుకుంటోంది. ఆ మాటలు రేపు ఆమె పిల్లల బడిలో, అత్తవారింట్లో, కూతురి పెళ్లిచూపుల్లో ఎవరో ఫోనులో పెట్టి చూపిస్తారన్న ఊహ ఆ క్షణాన ఆమెకు ఉండదు. ఆ ఊహ మనకుండాలి.

‘అందరూ చూస్తుండగానే చెప్పింది కదా’ అనుకోవడం అనుమతి కాదు. అనుమతి అడిగే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది: “అక్కా, ఇది చానల్లో పెడితే మీ ఊరివాళ్లు, మీ చుట్టాలు కూడా చూస్తారు. పెట్టమంటారా? పేరు, ముఖం లేకుండా గొంతు మాత్రం వినిపించమంటారా? వద్దంటే కూడా ఏమీ అనుకోం. తర్వాత ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తాం.” ఈ మాట అయ్యగారు స్టేజీ మీద నుంచి అడిగితే ఎవరూ కాదనలేరు. కాబట్టి ఆరాధన అయ్యాక, పక్కకు పిలిచి, వీలైతే స్త్రీలను స్త్రీలే అడగాలి. ఒకటి రెండు రోజులు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ప్రత్యక్ష ప్రసారం జరుగుతుంటే సాక్ష్యాల సమయంలో ప్రసారం ఆపి, పాటల దగ్గర మళ్లీ కలపవచ్చు.

కొన్ని విషయాల్లో చట్టమే గీత గీసింది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, నమ్మకంతో మనకు చెప్పిన ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. లైంగిక దాడికి గురైన వ్యక్తి ఎవరో తెలిసేలా పేరు గాని వివరాలు గాని ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ‘ప్రార్థన కోసం పెట్టాం’ అన్నా అది ప్రచురణే.

ప్రార్థన మనవులకూ ఇదే వర్తిస్తుంది. సంఘ వాట్సాప్ గ్రూపులో ఫలానా వారి అబ్బాయికి ఫలానా రోగం అని పూర్తి పేరుతో, ఆసుపత్రి రిపోర్టు ఫొటోతో పెట్టేముందు ఆ ఇంటివారిని అడగాలి. ‘మన సంఘంలో ఒక కుటుంబం కోసం’ అని రాసినా దేవునికి ఏ కుటుంబమో తెలుసు.

బాప్తిస్మం ఫొటోల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నీళ్లలో నుంచి లేచేటప్పుడు తడి బట్టలతో ఉన్న స్త్రీల ఫొటోలు ఏ పేజీలోనూ కనబడకూడదు. ఇంట్లో తల్లిదండ్రులకు తమ విశ్వాసాన్ని ఇంకా చెప్పుకోనివారు కూడా ఉంటారు. ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలన్నది వారి నిర్ణయం. మన ఆల్బమ్ ఆ నిర్ణయాన్ని వారి చేతిలోనుంచి లాక్కోకూడదు.

పిల్లలు: తల్లిదండ్రులు ఒప్పుకున్నా ఒక్కసారి ఆగాలి

సండే స్కూలు పిల్లలు పాటకు అభినయం చేస్తే చూడముచ్చటగా ఉంటుంది. ఆ వీడియో పెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచి పద్ధతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగా ఎంచుతుంది. వారి వ్యక్తిగత సమాచారం వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. పిల్లల ఫొటో కింద పూర్తి పేరు, బడి పేరు, ఊరి పేరు కలిపి రాయకండి. వీడియో పిల్లల కోసం చేసినదైతే యూట్యూబ్‌లో ‘పిల్లల కోసం’ అన్న ఎంపికను గుర్తు పెట్టండి. అప్పుడు దాని కింద వ్యాఖ్యలు ఆగిపోతాయి.

అనాథాశ్రమాలు, హాస్టళ్లు నడిపే పరిచర్యలకు ఇది మరింత బరువైన సంగతి. కానుకలు రావాలంటే పిల్లల దీనావస్థ చూపించాలన్న అలవాటు మన మధ్య పాతదే. చినిగిన చొక్కాతో నిలబడిన పిల్లవాడి ఫొటో, పక్కనే తల్లి ఎలా చనిపోయిందో, తండ్రి ఎలా వదిలేశాడో కథ. ఆ పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగానికి వెళ్లే రోజున కూడా ఆ ఫొటో అక్కడే ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలకు సంబంధించిన విచారణల గురించి చెప్పేటప్పుడు వారి పేరు, చిరునామా, బడి, ఫొటో బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. లైంగిక నేరాలకు గురైన పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం కూడా ఇదే ఆంక్ష పెట్టింది.

ఆశ్రమం పని చూపించాలంటే వంటగది చూపించండి, బడిపుస్తకాల లెక్క చూపించండి, పిల్లలు వేసిన బొమ్మలు చూపించండి. ఇచ్చేవారి హృదయాన్ని కదిలించడానికి పిల్లవాడి పరువును ఖర్చుపెట్టనక్కరలేదు.

దానధర్మాలు: ఇచ్చే చెయ్యి, పట్టుకున్న కెమెరా

వరదలు వచ్చినప్పుడు బియ్యం సంచులు పంచుతాం. క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు ఇస్తాం. ఇచ్చే ప్రతి చీరకూ ఒక ఫొటో, అందులో తలవంచుకుని నిలబడిన ముసలమ్మ. కొండమీది ప్రసంగంలో ప్రభువు ధర్మం చేసే విధానం గురించి ఏమి బోధించాడో మనలో ప్రతివారికీ తెలుసు. బూర ఊదేవారి గురించి ఆయన చెప్పినదీ తెలుసు. ఈ కాలంలో ఆ బూర ఫోను రూపంలో మన జేబులోనే ఉంది.

దాతలకు లెక్క చెప్పాలి కదా అనే ప్రశ్న న్యాయమైనదే. లెక్క చెప్పడానికి రసీదులు చాలు. సరుకు దించుతున్న లారీ, వరుసగా పేర్చిన సంచులు, పనిచేస్తున్న యవనస్థుల చేతులు చూపించవచ్చు. తీసుకునేవారి ముఖం చూపించనవసరం లేదు. ఫొటో దిగితేనే సంచి ఇస్తామనే స్థితి ఎక్కడైనా ఉంటే దాన్ని వెంటనే మానుకోవాలని మేము సంఘ పెద్దలను వేడుకుంటున్నాం.

పాటలు: పాడినవారి పేరు, రాసినవారి పేరు

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటతోపాటు కవి పేరు కనిపిస్తుంది. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) పేరు ఈనాటికీ మన నోట ఉందంటే ఆ అలవాటు కూడా ఒక కారణం. పేరు చెప్పడం మన సంఘాల పాత మర్యాద. యూట్యూబ్ వీడియో కింద వివరాల్లో రచన, స్వరం, సంగీతం, గానం ఎవరివో రాయడం ఆ మర్యాదకు కొనసాగింపే.

పేరు రాస్తే సరిపోతుందా? సరిపోదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ రచన మీద హక్కులు ఉంటాయి. చౌదరి గారి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. కాని వాటిని నిన్నమొన్న ఎవరో రికార్డు చేసి ఉంటే ఆ రికార్డింగుకు వేరే హక్కులు ఉంటాయి. ఈ కాలపు కవి రాసిన పాటను మనం మళ్లీ పాడి చానల్లో పెట్టాలంటే అనుమతి కావాలి. ఇంగ్లీషు ఆరాధన గీతాన్ని తెలుగులోకి మార్చి పాడడానికి కూడా కావాలి, ఎందుకంటే అనువదించే హక్కు కూడా మూల రచయితదే. నిజమైన మతారాధనలో పాడడానికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ వెసులుబాటును, వీడియో తయారుచేసి ప్రకటనల డబ్బు సంపాదించడానికి అనుమతిగా ఎంచకూడదు.

యూట్యూబ్ పద్ధతి కూడా తెలిసి ఉండాలి. కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే సాధారణంగా వీడియో మీద వచ్చే ఆదాయం హక్కుదారుకు వెళ్తుంది లేదా వీడియో కనబడకుండా ఆగుతుంది. కాపీరైట్ స్ట్రైక్ అంతకంటే తీవ్రమైనది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు వస్తే చానలే పోవచ్చు. ఏళ్ల ప్రసంగాలు దానితో పాటే పోతాయి. కాబట్టి ప్రసంగాల అసలు ఫైళ్లను వేరే డిస్కులో దాచుకోండి.

మరొక మాట. మన చిన్న సంఘాల్లో పాటలు రాసే యవనస్థులు ఉన్నారు. వారి పాటను పెద్ద చానల్ తీసుకుని వారి పేరు లేకుండా పెడితే ‘ప్రభువు మహిమ కోసమే కదా, పేరు ఎందుకు’ అని వారి నోరు మూయించకూడదు. పేరు వద్దని రచయిత తనంతట తాను అనుకోవడం తగ్గింపు. పేరును ఇతరులు తీసేయడం అన్యాయం.

డబ్బు, ప్రకటనలు: దాచకుండా చెప్పండి

పరిచర్యలు పుస్తకాలు, క్యాలెండర్లు, సంగీత శిక్షణ, యాత్రలు ప్రకటిస్తాయి. విశ్వాసుల్లో రీల్స్ చేసేవారు బట్టల దుకాణాలకు, ప్లాట్ల వెంచర్లకు ప్రచారం చేస్తున్నారు. సంపాదించుకోవడంలో తప్పు లేదు. డబ్బు తీసుకున్నామన్న సంగతి దాచడం తప్పు. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు గాని, ఉచిత వస్తువు గాని, మరే లాభం గాని తీసుకుని చేసిన పోస్టుకు ‘ఇది ప్రకటన’ అని స్పష్టంగా కనబడేలా గుర్తు పెట్టాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇదే చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు, దాన్ని సమర్థించినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మొదటిసారి పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

చట్టం కంటే ముందు ఒక మనస్సాక్షి ప్రశ్న ఉంది. ఒక వెంచర్‌లో ప్లాటు కొనమని సంఘ గాయకుడో దైవసేవకుడో చెబితే విశ్వాసి కాగితాలు చూడడు. చెప్పిన మనిషిని చూస్తాడు. కూలిపని చేసి కూడబెట్టిన సొమ్ము ఆ నమ్మకం మీద పెడతాడు. అది మునిగితే పోయేది సొమ్ము మాత్రమే కాదు, ఆ ఇంటివాళ్లు మందిరానికి రావడం కూడా మానేస్తారు. కాబట్టి పొదుపు పథకాలు, స్థలాలు, వైద్యం, విదేశీ ఉద్యోగాల విషయంలో సంఘ చానల్ నోరు విప్పకపోవడమే మేలు.

కానుకల విషయంలో పౌలు పద్ధతి మనకు ఆదర్శం. యెరూషలేములోని పేదల కోసం పోగుచేసిన కానుకను ఆయన ఒంటరిగా పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట తీసుకున్నాడు. దేవుని ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడా నిందకు చోటు ఉండకూడదన్నది ఆయన ఉద్దేశమని రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. మన వీడియోలో కనబడే క్యూఆర్ కోడ్ ఎవరి పేరున ఉందో ఒకసారి చూడండి. అది వ్యక్తి పేరున కాక, సంఘం లేదా ట్రస్టు పేరున ఉన్న ఖాతాదై ఉండాలి.

విదేశాల నుంచి చూసేవారు ఉంటే మరో జాగ్రత్త కావాలి. విదేశీ పౌరులు ఇచ్చే కానుకలు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం కింద అనుమతి పొందిన సంస్థలు మాత్రమే, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే, వాటిని తీసుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఈ లెక్కలో విదేశీయులే. భారత పాస్‌పోర్టు మీద దుబాయిలోనో డాలస్‌లోనో పనిచేస్తూ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక వేరు. తేడా తెలియకపోతే ఆడిటరును అడిగి తెలుసుకోవాలి.

స్వస్థత: చేసినది దేవుడు, తొందర మనది

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె ఉన్న గదిలోకి యేసు ప్రభువు ఎవరిని రానిచ్చాడో గమనించండి. గుంపును బయటికి పంపాడు. తల్లిదండ్రులు, ముగ్గురు శిష్యులు మాత్రమే ఉన్నారు. పన్నెండేళ్ల పిల్ల లేచి నడిచాక, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పాడు; ఆ పిల్లకు తినడానికి పెట్టమన్నాడు. అంత గొప్ప కార్యం జరిగిన గదిలో ఆయన మొదట పట్టించుకున్నది ఆ పిల్ల ఆకలిని, ఆ ఇంటి గుట్టును.

స్వస్థత సాక్ష్యాలు పెట్టే చానళ్లు ఈ నెమ్మదిని నేర్చుకోవాలి. ‘క్యాన్సర్ మాయం’ అని థంబ్‌నెయిల్ పెట్టేముందు డాక్టరు కాగితం చూశామా? రెండు మూడు నెలలు ఆగామా? ఆ వీడియో చూసిన మరో రోగి మందులు మానేస్తే ఆ ప్రాణానికి ఎవరు బాధ్యులు? రోగం తిరగబెట్టినప్పుడు ‘విశ్వాసం లేదు’ అన్న నింద ఆ రోగి మీద పడకుండా ఎవరు కాపాడతారు? కాబట్టి అలాంటి ప్రతి వీడియోలో ‘మందులు, వైద్యం మానవద్దు’ అని కాపరి నోటితోనే చెప్పాలి. నూనెలు, రుమాళ్లు రోగం పోగొడతాయని ప్రకటించి అమ్మేవారు 1954లో వచ్చిన మందులు, మాయా చికిత్సల ప్రకటనల నిషేధ చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం వంటి రోగాలు ఆ చట్టం జాబితాలో ఉన్నాయి.

వాదాలు, వ్యాఖ్యలు, ఇతర విశ్వాసులు

ఒక దైవసేవకుని బోధ తప్పనిపించినప్పుడు వెంటనే ‘ఖండన’ వీడియో చేయడం మన మధ్య పెరుగుతోంది. దానికి ప్రతిఖండన, దానికి మరొకటి. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన వరుస వేరు: ముందు ఒంటరిగా మాట్లాడడం, తర్వాత ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్లడం, ఆపైన సంఘానికి చెప్పడం. బహిరంగంగా చేసిన బోధను బహిరంగంగా పరీక్షించవచ్చు. అప్పుడు కూడా పూర్తి ప్రసంగం విని, ఆయన చెప్పిన మాటనే చెప్పి, బోధ గురించి మాట్లాడాలి. అరనిమిషం ముక్క కత్తిరించి పెట్టడం, ఆయన కుటుంబాన్ని ఈడ్చడం, పేరును వెక్కిరించడం సత్యాన్ని కాపాడే పని కాదు. మన కొట్లాట చూస్తున్నవారిలో ఇంకా ప్రభువును ఎరుగనివారు ఎందరో ఉన్నారు.

బలాత్కారం, పిల్లల మీద అఘాయిత్యం, డబ్బు మోసం వంటివి మాత్రం ‘సోదరుని తప్పు’గా లోపలే సర్దుకోవలసిన విషయాలు కావు. అవి పోలీసులకు చెప్పవలసినవి. పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయాలి. అటువంటప్పుడు పేజీలో బాధితుల గురించి రాయకుండా ఉండడమే వారికి మేలు.

ఇతర మతాల దేవుళ్లను, ఆచారాలను ఎగతాళి చేసే వీడియోలు సువార్త కాదు. పౌలు ఏథెన్సులో మాట్లాడినప్పుడు ఆ ఊరివారి భక్తిని గమనించి, గౌరవంతో మొదలుపెట్టాడు. కావాలని, దురుద్దేశంతో మతభావాలను గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్షార్హం. అంతకుముందే ఆ వీడియో చేసే నష్టం మరొకటి ఉంది: పక్కింటి స్నేహం చెడుతుంది, ఊళ్లో మన మనుషులే ఇబ్బందిపడతారు. ఎక్కడో కూర్చుని వీడియో చేసినవారికి ఆ ఊరి బాధ తగలదు.

వ్యాఖ్యల్లో దూషణ వస్తే దూషణతో జవాబు ఇవ్వకండి. నిజమైన ప్రశ్నకు మర్యాదగా ఒకసారి జవాబు చెప్పండి. బూతులను దాచేయండి. ఆత్మహత్య గురించి ఎవరైనా రాస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ మనిషితో వేరుగా మాట్లాడి, దగ్గరలోని మనుషులను, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416ను అందించండి.

ఫార్వర్డులు, నకిలీలు

‘ఫలానా రాష్ట్రంలో మిషనరీలకు మరణశిక్ష, ఈ రాత్రే ప్రార్థించండి’ వంటి సందేశాలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. తేదీ లేదు, ఊరు లేదు, ఆధారం లేదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ సందేశం ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అందుకే దాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తారు. ఆ గుర్తు కనబడినప్పుడు మన వేలు ఆగాలి. ప్రార్థన కోసం పంపినా అబద్ధం అబద్ధమే.

కాపరుల పేరుతో నకిలీ ఖాతాలు తెరిచి డబ్బు అడగడం, వారి గొంతును, ముఖాన్ని కృత్రిమ మేధతో అనుకరించడం కూడా జరుగుతోంది. ‘మా అయ్యగారు మెసేజిలో ఎప్పుడూ డబ్బు అడగరు’ అని సంఘానికి ముందే చెప్పి ఉంచండి. మోసపోతే గంటలు గడవకముందే 1930కి ఫోను చేయాలి. మన వైపు నుంచి కూడా అదే నిజాయితీ ఉండాలి: కృత్రిమ మేధతో చేసిన బొమ్మనో గొంతునో నిజమైన సంఘటనగా చూపించకూడదు.

సంఘ కార్యాలయంలో అంటించుకోదగిన పది మాటలు

1. ముఖం కనబడే ప్రతి వీడియోకు ముందు అనుమతి, వద్దంటే వద్దనే.
2. తీసేయమని అడిగిన రోజునే తీసేయాలి, కారణం అడగకూడదు.
3. పిల్లల ఫొటోతో పూర్తి పేరు, బడి, ఊరు కలిపి రాయకూడదు.
4. సాయం తీసుకునేవారి ముఖం చూపించకూడదు.
5. పాట ఎవరిదో రాయాలి, హక్కుదారును అడగాలి.
6. డబ్బు తీసుకుని చెప్పిన మాటను ప్రకటన అని చెప్పాలి.
7. కానుకల ఖాతా సంఘం పేరునే ఉండాలి. లెక్క ఏటా చదివి వినిపించాలి.
8. చానల్, పేజీ పాస్‌వర్డు కనీసం ఇద్దరు బాధ్యుల దగ్గర ఉండాలి. రెండంచెల ధృవీకరణ పెట్టుకోవాలి.
9. కోపంతో రాసిన పోస్టు తెల్లవారేదాకా ఆపి, మరొకరికి చూపించాలి.
10. పొరపాటు జరిగితే అదే పేజీలో, అంతే స్పష్టంగా సరిదిద్దాలి.

ఈ పని ఒక్క యవనస్థుని భుజాల మీద వదిలేయకండి. ఫోను నడపడం అతనికి బాగా తెలుసు. ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో నిర్ణయించే భారం పెద్దలది. కాపరి, ఒక సంఘ పెద్ద, స్త్రీల సమాజం నుంచి ఒకరు, యవనస్థుల నుంచి ఒకరు కలిసి నెలకొకసారి కూర్చుని ఆ నెల పెట్టినవన్నీ చూస్తే చాలు. పాత వీడియోలు కూడా చూడండి. ఎవరి కన్నీళ్లు అక్కడ అనుమతి లేకుండా నిలిచి ఉన్నాయో వెతికి, వారి ఇంటికి వెళ్లి అడగండి. వీక్షణలు కొన్ని తగ్గితే తగ్గనివ్వండి.

మన చానల్‌కు వెయ్యిమంది ఉన్నా లక్షమంది ఉన్నా, తీర్పు దినాన మనల్ని అడిగేది ఆ సంఖ్య కాదు. మన చేతికి అప్పగించిన ఒక్కొక్క మనిషి గురించే అడుగుతారు. వచ్చే ఆదివారం రికార్డు బటన్ నొక్కేముందు ఫోనులో కనబడుతున్న ముఖాలను ఒకసారి పేరుపేరునా చూడండి. వారిని ప్రభువు మనకు పొరుగువారిగా ఇచ్చాడు. ఆయన కృప మన మాటలకు, మన చేతులకు, మన చేతిలోని ఫోనుకు కూడా తోడై ఉండును గాక.